సంఘర్షణ కోసం కల్పించిన మాట

నేను రాసిన కథ ఒకటి ఇప్పటికీ అచ్చులో ఉంది. అందులో ఒక మాట నిజం కాదని చెప్పే కాగితం ఎక్కడా లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది ఉప్పాడ. పదో తరగతి తప్పి మగ్గంలో కూర్చున్నవాణ్ణి. నా చదువంతా శాఖా గ్రంథాలయంలోనే. తొంభైల చివర్లో అక్కడ కథలు రాయడం గురించిన పుస్తకం దొరికింది. ఇతివృత్తం, పాత్రలు, నేపథ్యం, సంఘర్షణ, ముగింపు అని నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. మా వీధిలో ఈ మాటలు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అని గర్వం. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

సముద్రం వైపు వీధిలో ఒక అక్క ఉండేది. చుట్టరికం లేదు, పిలుపే. ఆమె భర్త వేటకు వెళ్లి తిరిగి రాలేదు. పడవా దొరకలేదు. దాని మీద కథ రాద్దామని, ఆ పొద్దున ఏం జరిగిందని అడిగితే, చద్దన్నం కట్టిచ్చానని, ఉల్లిపాయ పెట్టావా అన్నాడని, అంతేనని చెప్పింది. పాత్రలున్నాయి, నేపథ్యముంది, సంఘర్షణే లేదు. పేక లేని పడుగులా అనిపించింది. అందుకని, గడప దాటుతున్న భర్తతో భార్య 'పోతే పో, మళ్లీ రాకు' అన్నట్టు కల్పించాను.

ఒక వారపత్రిక వేసుకుంది. దాన్ని పట్టుకెళ్లి అక్కకీ, వాళ్లత్తకీ నేనే చదివి వినిపించాను. వేటకెళ్లే మనిషితో ఇల్లాలు గొడవపడితే ఆ మాట కూడా పడవెక్కి కీడు చేస్తుందని వాళ్ల నమ్మకం. నేను విన్నదే, కానీ రాసేటప్పుడు తట్టలేదు.

ఆ వాక్యం దగ్గర ముసలావిడ చెయ్యెత్తి ఆపింది. "ఇలాగందా ఇది?"

"లేదత్తా. నేనేం అన్లేదు," అంది అక్క.

"అచ్చులో ఉత్తినే పడుద్దేంటి?"

అది కల్పనండి అన్నాను.

"కల్పనంటే ఏంటి బాబూ? అబద్ధమా?"

అవునండి అనేస్తే సరిపోయేది. పుస్తకం అలా చెప్పలేదు. కల్పన అబద్ధం కాదని, అందులో ఒక రకం నిజం ఉంటుందని పాఠం చెప్పినట్టు చెప్పాను.

"నిజమేనంటన్నాడుగా," అంది ఆవిడ, కోడలి మొహంలోకి చూస్తూ.

మర్నాడు వెళ్లి అబద్ధమేనండి అన్నాను. జాలిపడి అంటున్నావులే అంది. నెల తిరక్కుండా అక్కని పుట్టింటికి పంపేశారు. బస్సు దగ్గర అక్క ఒక్కటే అడిగింది: "నేనన్లేదని కూడా అచ్చేయించు తమ్ముడూ." పత్రికకి రెండు ఉత్తరాలు రాశాను. వెయ్యలేదు. ముసలావిడ అదే నమ్మకంతో పోయింది. తర్వాత ఆ వీధినీ సముద్రం తినేసింది.

ఎవరి పేరూ ఇక్కడ పెట్టను. పుస్తకం ఇంటికిచ్చిన గ్రంథాలయం మేష్టారికి, అక్క పుట్టింటి దారి చెప్పిన చేపల గంప పెద్దమ్మకి, ఈ కాగితాలు సాపు రాసిపెట్టిన నా భార్యకి కృతజ్ఞతలు. అందరికంటే అక్కకి. ఇదంతా ఆమెకి చదివాను. విని, "ఇప్పుడెవరికి చూపిస్తావు?" అంది.