మా ముత్యానికి మొదటి వాటా

నేను నిక్కర్లేసుకుని తిరిగే రోజుల్లో... పులికాట్ సరస్సు ఒడ్డున మా పాలెంలో నాయన పడవ దిగాడంటే, ఇంట్లో అందరికంటే ముందు పరుగెత్తేది మా పిల్లే! తోక నిటారుగా లేపుకుని వచ్చి గంపలో తల దూర్చేది. అమ్మ ఒక చిన్న చేప తీసి కొబ్బరి చిప్పలో వేసేది. అది తిన్నాకే మిగతా చేపలు ఏరడం, పొయ్యి వెలిగించడం.

దాన్ని 'పిల్లి వాటా' అనేవాళ్లం. ఎలుకలు వలలు కొరక్కుండా కాసేది అదే కదా... పడవ ఎక్కకపోయినా దానికీ వాటా ఉండాల్సిందేనని నాయన మాట.

చేపలకే కాదండోయ్... ఇంటికి ఏమొచ్చినా అంతే! మా అక్క పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు లడ్లు తెచ్చారు. నేను ఒకటి నోట్లో పెట్టుకోబోతుంటే అమ్మ ఒకటే కేక.

"ఒరే అబ్బయా, ఆగు! దానికి పెట్టినారా?"

"అది లడ్డు తినదు గదమ్మా!"

"తినకపోతే వాసన చూసి పోతాది. నువ్వు మాత్రం దానికంటే ముందు తినబాక!"

పాపం, పెళ్లివారు కూడా లడ్లు చేతిలో పట్టుకుని కూర్చున్నారు... పిల్లి తీరిగ్గా వచ్చింది, వాసన చూసింది, మూతి తిప్పుకుని వెళ్లిపోయింది. "సరే, ఇంక తినండి" అంది అమ్మ. ఎంత నవ్వుకున్నామో!

అమ్మ పోయినా ఆ అలవాటు మా ఇంట్లో పోలేదు. ఇప్పుడు వాటా వేసేది మా ఇంటావిడ రమణమ్మ. తినేది ముత్యం... తెల్లటి పిల్లి! మా అమ్మాయి శ్రావణికి వలల కుప్పలో దొరికింది. కళ్లు కూడా తెరవని పిల్లకు ఇంకు ఫిల్లరుతో పాలు పట్టి పెంచింది నా బంగారు తల్లి.

ఆ శ్రావణికి ఈ మధ్య నాయుడుపేటలో ఉద్యోగం వచ్చిందండీ! మా వంశంలో నెల జీతం అందుకున్న మొదటి మనిషి! నా సంతోషం ఏమని చెప్పను... ఆదివారం పొద్దున్నే మొదటి జీతంతో పెద్ద నల్ల చాక్లెట్ బిళ్ల తెచ్చి నా చేతిలో పెట్టి, పక్కింటివాళ్లకు చెప్పి వస్తానని పరుగెత్తింది.

రమణమ్మ ఊరుకుంటుందా? ఒక ముక్క విరిచి ముందు చిప్పలో వేసింది. ముత్యం వాసన చూసి వెనక్కి తిరిగింది.

"బిడ్డ మొదటి జీతం, దీనికి చూడు ఎంత అలకో! ఉండుమే, నీకు పాలల్లో కరిగించి పెడతా."

వెచ్చటి పాలల్లో కరిగించి పెడితే చిప్ప అడుగు దాకా నాకేసింది. ఇద్దరం మురిసిపోయాం...

మధ్యాహ్నానికి మొదలైంది. రెండు సార్లు కక్కింది. శ్రీహరికోటలో రాకెట్టు లేచి కిటికీలు గడగడలాడినా కన్ను తెరవని పిల్లి, ఈ గోడకీ ఆ గోడకీ పరుగులు! ఒళ్లంతా వణుకు. పొట్ట మీద చెయ్యి వేస్తే గుండె దడదడ... రమణమ్మ కక్కిద్దామని ఉప్పునీళ్లు కలుపుతుంటే శ్రావణి చెయ్యి పట్టుకుంది.

"ఏం పెట్టినావమ్మా?"

"నువ్వు తెచ్చిందే బిడ్డా... చాక్లెట్టు. పాలల్లో కలిపి..."

"అయ్యో! పిల్లులకి అది విషం అమ్మా! ఉప్పునీళ్లు పోయబాక, ఇంకా ప్రమాదం. నాయనా, బండి తియ్యి!"

చేపల గంపలో పాత చీర పరిచి ముత్యాన్ని పెట్టి, పైన ఇంకో గంప బోర్లించి, శ్రావణి వెనక కూర్చుంది. చాక్లెట్ కాగితం కూడా జేబులో పెట్టుకుంది. నాయుడుపేటలో పశువుల డాక్టరమ్మ ముందుగా ఆ కాగితమే అడిగింది... ఎంత తినింది, ఎప్పుడు తినింది అని కూడా.

"ఎంత నల్లగా, చేదుగా ఉంటే అంత ప్రమాదం పెద్దాయనా. మనకు అరిగినట్టు పిల్లులకీ కుక్కలకీ అది అరగదు. గుండె దడ, ఫిట్స్ కూడా వస్తాయి. వెంటనే తీసుకొచ్చారు, అదే మంచిదైంది. రేపటి దాకా ఇక్కడే ఉండనీండి... అప్పుడు గానీ చెప్పలేను."

ఖాళీ గంపతో ఇంటికొచ్చాం. పొయ్యి మీద చేపల పులుసు అలాగే ఉంది. ఆ పూట ముత్యం వాటా పడలేదు కదా... ఎవరికీ ముద్ద దిగలేదు. "నా చేత్తోనే పెట్టినానే..." అని రమణమ్మ చిప్ప పట్టుకుని కూర్చుంది.

మర్నాడు ఫోను వచ్చింది. తీసుకుపొమ్మన్నారు! బండి ఎలా నడిపానో నాకే తెలీదు. గంప ఇంట్లో దించగానే ముత్యం తల పైకెత్తి చూసింది. రమణమ్మ చిన్న చేప ఒకటి చిప్పలో వేసింది. వాసన చూసింది... మేం ముగ్గురం దాని మూతి వైపే చూస్తున్నాం... కరకరా నమిలేసింది, తలతో సహా!

శ్రావణి చప్పట్లు! రమణమ్మకు ఏడుపూ నవ్వూ ఒకేసారి! అప్పుడు కూర్చుని తిన్నాం నిన్నటి పులుసు. మర్నాటి చేపల పులుసు రుచి నెల్లూరు వాళ్లకు వేరే చెప్పాలా... మామిడికాయ ముక్కతో సహా చట్టి ఖాళీ!

ఇప్పుడు మా ఇంటికి ఏ తీపి వచ్చినా ముత్యం వాటా మాత్రం చేపే. చాక్లెట్ అయితే పై అరలో, మూత బిగించిన డబ్బాలో! మీ ఇంట్లో కుక్కలు, పిల్లులు ఉంటే మీరూ అలాగే దాచండి బాబూ. పొరపాటున తింటే ఇంటి వైద్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

మా చిన్నతనంలో ఇంటికొచ్చే తిండి పులికాట్ నుంచో, పొలం నుంచో వచ్చేది... దేనికీ భయం ఉండేది కాదు. ఇప్పుడు రంగు కాగితం విప్పే ముందు ఆలోచించాల్సి వస్తోంది. ఆ లడ్ల రోజే పదే పదే గుర్తొస్తోంది... వద్దని మూతి తిప్పుకున్న పిల్లిని అమ్మ ఒక్కసారి కూడా బతిమాలలేదు.

మీ ఇంట్లో మొదటి ముద్ద ఎవరికి పెట్టేవాళ్లు? రాయండి... శ్రావణి చదివి వినిపిస్తానంది. రమణమ్మ ఒళ్లో ముత్యాన్ని పెట్టుకుని కాచుకుని ఉంది!