పోయొస్తా అనే బటన్

మందుల వేళ గుర్తుచేసే ఒక ఫోన్ యాప్‌లో తెలుగు సరిచేయడం నా పని. బీదర్‌లో, చిద్రిలోని మా ఇంట్లోనే కూర్చుని చేస్తాను. కంపెనీ పంపే తెలుగు మరీ పుస్తకాల తెలుగు. పోనీ దిద్దుదామా అంటే, నెలనెలా యాప్ కొత్తది వచ్చి నా దిద్దుబాటంతా గంగపాలు చేస్తుంది. అందుకని పక్కన నియమాల జాబితా ఒకటి పెట్టాను: ఈ మాట కనిపిస్తే దాని చోట ఆ మాట రావాలి. 'మాత్ర' ఉంటే 'గోలి'. చివరి బటన్ మీద 'నిష్క్రమించు' ఉంటే 'పోతున్న'. చూసుకుని నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను.

ముందుగా అమ్మ ఫోన్‌లో పెట్టాను. ఆమెకు బీపీ. గోలి వేసుకున్నాక ఆ చివరి బటన్ నొక్కితేనే తర్వాతి పూటకు అలారం మోగుతుంది.

మూడో రోజు అమ్మ గిన్నెలు తోముతూ కళ్లు తిరిగి పడబోయింది. పట్టుకుని కూర్చోబెట్టి ఫోన్ చూశాను. మొదటి రోజు పొద్దున తర్వాత అలారమే మోగలేదు. అసలే నాకు నోరాగదు, భయమేస్తే మరీ ఆగదు.

"ఒక్క బటన్ నొక్కనీకి ఏమైందే నీకు? చచ్చిపోదామనుకుంటున్నవా?"

"పోతున్న అని ఉన్నది బిడ్డా. నేనెట్ల నొక్కాలె?"

మా ఇంట్లో గడప దాటేటప్పుడు ఎవరూ పోతున్న అనరు, పోయొస్తా అంటారు. నాకు తెలియనిదేం కాదు. బటన్‌కేం పట్టింపు అనుకున్నాను.

"అది ఫోనమ్మా!" అని అరిచాను.

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "మీ నాయన హుమ్నాబాద్‌ల లారీ ఎక్కనీకి పోయేనాడు నాతోని కొట్లాడిండు. పోతున్న అన్నడు, గంతే. నేను గూడ పోయిరా అనలే."

నాయన రోడ్డు ప్రమాదంలో చనిపోయాడని తెలుసు. అప్పుడు నాకు నాలుగేళ్లు. ఈ సంగతి మాత్రం అమ్మ ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. ఏడుపొచ్చింది. అరిచినందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

వెంటనే కూర్చుని ఆ నియమాన్ని 'పోయొస్తా'గా మార్చాను. కంపెనీ సార్ ఫోన్ చేసి, ఈ నెల బటన్ చిన్నది చేశాం, చోటు చాలడం లేదు, చిన్న మాట పెట్టమన్నాడు.

"బటనే పెద్దది చేయండి సార్. ఈ మాట కదలదు," అన్నాను.

మర్నాడు పొద్దున అమ్మ గోలి మింగి, 'పోయొస్తా' మీద మెల్లగా వేలు పెట్టింది. "మంచిగ పోయిరా," అంది ఫోన్‌తో. నేను నవ్వలేదు.

సాయంత్రం అలారం మోగింది. రొట్టెల పిండి చేతులతోనే అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"వచ్చిందే బిడ్డా! చెప్పినట్టే వచ్చింది!"