రాణిగారికో ప్రాసెసర్

నాటక సమాజంలో ఆమెను అందరూ సౌండమ్మ అనే పిలిచేవారు. హాలు వెనక అద్దాల గదిలో కూర్చుని మైకులూ స్పీకర్లూ నడిపించడం ఆమె ఉద్యోగం. ఆమె అత్తగారు అదే సమాజంలో యువరాణి మొదలు రాజమాత దాకా అన్ని వేషాలూ వేసిన నటి. అందుకే ఆవిడ అందరికీ రాణిగారు. ఇంట్లో గిన్నెల దగ్గర అత్తాకోడళ్లు మాటామాటా అనుకున్నా, హాల్లో అడుగుపెడితే ఇద్దరిదీ ఒకటే మాట.

అలాంటి రాణిగారికి గొంతులో కణితి లేచింది. ఆపరేషన్ చేసి తీసేశారు. ప్రాణం దక్కింది కానీ గొంతు దక్కలేదు. పక్కన కూర్చున్నవాళ్లకు మాత్రమే వినిపించే గుసగుస ఒకటి మిగిలింది. దర్శకుడు చూడడానికి వచ్చి, "ఇక హాయిగా కొత్తవాళ్లకు పాఠాలు చెప్పండి రాణిగారూ," అని ధైర్యం చెప్పి వెళ్లాడు.

ఆయన గుమ్మం దాటగానే ఆవిడ కోడల్ని దగ్గరికి పిలిచింది. "పాఠాలు చెప్పడానికి గొంతు అక్కర్లేదటే?"

సౌండమ్మకు నవ్వు రాలేదు. "గొంతు సంగతి నేను చూసుకుంటాను. వేషం సంగతి మీరు చూసుకోండి అత్తయ్యా," అంది.

ఉత్తినే అన్న మాట కాదది. చెంపకు అంటుకునే చిన్న మైకు పెట్టింది. గుసగుసను పట్టుకుని దానికి నిండుదనం తెచ్చే ప్రోగ్రాం తనే రాసింది. అలా నిండిన గొంతు హాల్లోకీ వెళ్తుంది, రాణిగారి చెవిలో దాచిన బుల్లి స్పీకర్లోకీ వెళ్తుంది. మొదటి ప్రయత్నంలోనే గొంతు పలికింది. చిక్కల్లా ఆలస్యంతో వచ్చింది. నోట్లో మాట ముందు, చెవిలో మాట రవ్వంత వెనక. వినేవాళ్లకు తేడా తెలియదు. పలికే మనిషికి మాత్రం నాలుక మడతపడిపోతుంది. పేజీలకు పేజీలు గుక్కతిప్పుకోకుండా చెప్పే రాణిగారు "సేనాధిపతీ" అనబోయి "సేనా... నాధి..." అని ఆగిపోయింది.

"ఎవరో నా వెనకే నిలబడి వెక్కిరిస్తున్నట్టుందే," అంది.

కంప్యూటర్ గొంతును ముక్కలు ముక్కలుగా తీసుకుంటుంది. ముక్క పెద్దదైతే ఆలస్యం. సౌండమ్మ ముక్కను చిన్నది చేసింది. ఆలస్యం పోయింది కానీ, చెవిలో పేలాలు వేగినట్టు టపటపలు మొదలయ్యాయి. పాత యంత్రం కదా అని దర్శకుడు ఎనిమిది ప్రాసెసర్లు, అంటే లెక్కలు చేసే ఎనిమిది బుర్రలు, ఉన్న కొత్తది తెప్పించాడు. దానిలోనూ అవే టపటపలు.

"మంది ఎక్కువైతే మజ్జిగ పలచనన్నారు, ఇదేనేమో," అంటూ ఆయన తల పట్టుకున్నాడు.

సౌండమ్మ అప్పటికే, ఏ పరికరం ఏ ప్రాసెసర్‌ను పిలుస్తోందో తెరమీద చూస్తోంది. "మజ్జిగ బాగానే ఉందండీ. మందిలో ఒక్కడే చాకిరీ చేస్తున్నాడు. తక్కినవాళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారు," అంది.

నిజంగానే అన్ని పిలుపులూ మొదటి ప్రాసెసర్ మీదే పడుతున్నాయి. ఆ పిలుపునే ఇంటరప్ట్ అంటారు. ఉన్న పని ఆపి నా పని చూడమని పరికరం ప్రాసెసర్‌ను తట్టడం అన్నమాట. నెట్‌వర్క్, డిస్కు, కీబోర్డు, గొంతును చేరవేసే సౌండ్ కార్డు, అన్నీ ఒకే తలుపు దగ్గర నిలబడి తడుతున్నాయి. నెట్‌వర్క్ పని ముగిసేదాకా సౌండ్ కార్డు ఆగాలి. అది ఆగిన ప్రతిసారీ చెవిలో ఒక టప్.

మొదట ఆమె తొందరపడింది. గొంతు ప్రోగ్రాంకు అందరికన్నా పెద్దపీట వేసి ఆ మొదటి ప్రాసెసర్ మీదే కూర్చోబెట్టింది. అది ముక్క ముక్కకూ మధ్య కాసేపు ఆగి దారి ఇవ్వాలన్న సంగతి రాయడం మరిచిపోయింది. ఇంకేముంది, కీబోర్డు ఉలకదు, మౌస్ పలకదు. యంత్రం కొయ్యబారిపోయింది.

"కోడలికి పెత్తనం ఇస్తే ఇంతే," అంది రాణిగారు గుసగుసగా, మహా సంబరంగా.

"ఇంట్లో ఇచ్చి చూడండి, ఎంత బాగా చేస్తానో," అంటూ ఆమె కరెంటు తీసి మళ్లీ పెట్టింది.

ఈసారి నిదానంగా చేసింది. సౌండ్ కార్డు పిలుపును వేరే ప్రాసెసర్‌కు మళ్లించి, దాని జోలికి ఇంకెవరూ రాకుండా కట్టడి చేసింది. అక్కడ పిలుపుదే మొదటి స్థానం, గొంతు ప్రోగ్రాంది దాని తరవాతి స్థానం. తన ముక్క పని అవగానే ప్రోగ్రాం నోరు మూసుకుని ఎదురుచూడాలి. నెట్‌వర్కూ డిస్కూ మిగతా ప్రాసెసర్లను పంచుకోవాలి. తరవాత కావాలనే కంప్యూటర్‌కు బండెడు పని అంటగట్టి, అత్తగారి చేత "సేనాధిపతీ" అనిపించింది. మాట నోట్లోనూ చెవిలోనూ కలిసే పలికింది. రాణిగారు ఇంకోసారి అంది. మరోసారి అంది. ఆపమన్నా ఆపలేదు.

ప్రదర్శన ఒక మధ్యాహ్నం పూట. రెండో అంకం మధ్యలో, రాజమాత కొడుకును నిలదీస్తుండగా, కంప్యూటర్ వెనక నెట్‌వర్క్ దీపం గబగబా కొట్టుకోవడం మొదలుపెట్టింది. మొదటి అంకం రికార్డింగ్ ఆ యంత్రంలోనే ఉంది. కెమెరా అతను దాన్ని నెట్‌వర్క్ మీదుగా కింది గదిలోని తన కంప్యూటర్‌లోకి లాగుతున్నాడు. విషయం తెలిసి దర్శకుడు అద్దాల గదిలోకి పరుగెత్తుకొచ్చాడు.

"ఆపించమంటావా అమ్మా?"

"లాక్కోనివ్వండి. ఆ పని వేరేవాళ్లు చూసుకుంటారు. అత్తయ్య ప్రాసెసర్‌ను ఎవరూ ముట్టుకోలేరు," అంది ఆమె. కుర్చీలోంచి లేవలేదు. స్విచ్ మీదికి చెయ్యి కూడా పోలేదు.

దర్శకుడు అద్దంలోంచి వేదికకేసి చూశాడు. వేదిక మీద రాజమాత గొంతు మొదట దిగింది, తరవాత లేచింది, ఆఖరి మాట దగ్గర కంచులా మోగింది. ఒక్క టపటప లేదు. తెర పడ్డాక చప్పట్లకు అద్దాలు అదిరాయి. సౌండమ్మ అప్పుడు మాత్రం హెడ్‌ఫోన్ తీసి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

రంగు కడుక్కుంటున్న అత్తగారి దగ్గరికి వెళ్తే ఆవిడ మెచ్చుకోలేదు సరికదా, ముఖం చిట్లించింది.

"ఆ గొంతులో మరీ పడుచుదనం పోశావు. కొడుక్కి తల్లిలా లేను, చెల్లెల్లా ఉన్నాను. కాస్త ముదరబెట్టు."

"రేపే ముదరబెడతాను."

"ఇంకో సంగతి. ఆ యంత్రం ఇంట్లో కూడా ఒకటి పెట్టవే. మేడ మీంచి పిలిస్తే నీకు వినబడడం లేదు."

"వినబడుతూనే ఉంది అత్తయ్యా," అంది కోడలు, మైకు తీగ చుట్టుకుంటూ. "ఇంట్లో మీ పిలుపు మాత్రం వరసలో రావాల్సిందే."