శుభ్రాలత్త వదిలేసిన పదడుగులు

మా అత్తయ్యను అందరూ శుభ్రాలత్త అంటారు. ఆవిడ వంటింట్లో గరిటెలు కూడా పొడుగును బట్టి వరసలో వేలాడతాయి. ఇక చేను సంగతి చెప్పక్కర్లేదు, కాగడా పెట్టి వెతికినా కలుపు మొక్క దొరకదు. మామయ్య పోయాక పన్నెండేళ్ళుగా ఆ నాలుగెకరాల ఏటవాలు చేనును ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. అంత శుభ్రంగా చేసి ఏం లాభం? వాన పడితే చాలు, పైమట్టి వాగుపాలు. పంట ఏటికేడు తగ్గిపోయింది. చివరికి ఇటుక బట్టీ యజమాని వచ్చి, "మట్టి తవ్వుకుంటానమ్మా, చేను ఇచ్చెయ్" అని కూర్చున్నాడు.

అప్పుడే నేను ప్రభుత్వ పథకం దరఖాస్తు పట్టుకుని పరుగెత్తుకొచ్చాను. వాగు ఒడ్డు వెంట పదడుగుల వెడల్పున దున్నకుండా, పీకకుండా గడ్డిని పెరగనిస్తే చాలు, నేలను కాపాడినందుకు యజమానికి ఏటా సాయం అందుతుంది. ఏడాది తిరిగాక అధికారి వచ్చి చూసి సంతకం పెట్టాలి. బట్టీ ఆయన్ను అప్పటిదాకా ఆగమన్నాం. అధికారి కాదంటే మరుసటి సోమవారమే తవ్వకం.

ఏడాది పొడుగునా ఆ గడ్డిని చూసి అత్తయ్య పడ్డ బాధ ఇంతా అంతా కాదు. "చూసినవాళ్ళు నేను మంచాన పడ్డాననుకుంటారే" అని గొణిగేది. నేను మాత్రం వారం వారం కర్ర పెట్టి కొలిచి మురిసిపోయేదాన్ని. మోకాలెత్తు దాటిన రోజు ఆనందం పట్టలేక ఇంటింటికీ చెప్పొచ్చాను.

అధికారి వచ్చే రోజు రానే వచ్చింది. నాకు కాలు నిలవలేదు. ఆయన్ను బస్సు దగ్గరే పట్టుకుని, దారి పొడుగునా మా గడ్డిని పొగుడుతూ చేనుకు తీసుకొచ్చాను. చూద్దును కదా, అత్తయ్య కొంగు బిగించి, కొడవలితో సగం గడ్డి కోసిపారేసింది!

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "అత్తయ్యా! ఏం చేశావ్?"

"పెద్దాయన వస్తుంటే చేనును ఇంత చిందరవందరగా ఎలా చూపిస్తామే?" అంది చెమట తుడుచుకుంటూ.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. గేదెలు మేశాయని చెబుదామంటే కొడవలి ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

అధికారి ముందుకొచ్చాడు. వంగి, కోసిన చోట ఒక కుదురు పట్టుకుని లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. ఊహూఁ!

"వేళ్ళతో సహా పీకలేదు కదమ్మా?"

"మోకాళ్ళ నొప్పులు బాబూ, కూర్చోలేకపోయాను. లేకపోతే ఒక్క పరక మిగిలేది కాదు" అంది అత్తయ్య, పని ఎగ్గొట్టి దొరికిపోయినట్టు తలవంచుకుని.

ఆయన పకపకా నవ్వాడు. "కోసింది మళ్ళీ మొలుస్తుందమ్మా. పీకి ఉంటేనే కొంప మునిగేది." సంచిలోంచి ఇనుప చువ్వ తీసి గడ్డి మొదట్లో గుచ్చాడు. అక్కడ మెత్తటి నల్లమట్టి నాలుగు వేళ్ళ మందాన పేరుకుని ఉంది. "ఇది ఈ ఏడాది వానలకు పైనుంచి జారిన మీ మట్టే. గడ్డి అడ్డుకుని ఆపింది. సంతకం పెడుతున్నాను."

నేను ఎగిరి గంతేశాను! అత్తయ్య మాత్రం నొప్పులు మరచిపోయి అక్కడే చతికిలబడి, ఆ మట్టిని గుప్పిట్లోకి తీసుకుంది.

"ఇన్నేళ్ళూ నేను గడ్డి పీకబట్టేనా ఇదంతా కొట్టుకుపోయింది?"

నేను వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, నా భుజం పట్టుకుని లేచింది.

"ఆ బట్టీ ఆయనకి ఫోన్ కలుపు."

కలిపి ఇచ్చాను. ఫోన్ అక్కర్లేనంత గట్టిగా అరిచింది: "అయ్యా, సోమవారం రాకండి! మా మట్టి మా చేలోనే ఉంటుంది!"