చీర మార్చుకోని రోజు

అశ్వారావుపేటలో బస్సెక్కి, అప్పుడే కొన్న జామ మొక్కను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఊరి చివర ఆయిల్‌పామ్ నర్సరీ దగ్గర ఒకామె ఎక్కింది. యాభై ఏళ్లుంటాయేమో. నా పక్క సీటు తప్ప బస్సంతా నిండి ఉంది. ఆమె సీటు వైపు వచ్చి, నా ఒళ్లో మొక్కను చూసి, వెనక్కి వెళ్లి కడ్డీ పట్టుకుని నిలబడింది.

“ఇక్కడ కూర్చోమ్మా” అన్నాను.

“వద్దు సారూ. మా నర్సరీల మొక్కలకు తెల్లదోమ పట్టింది. పొద్దుగాల నుంచి ఆకులు తెంపుడు, కాలబెట్టుడే పని. రోజూ చీర మార్చుకొని బయటికొస్తం. ఇయ్యాల బస్సు పోతదని గిట్లనే ఉరికొచ్చిన. మీ మొక్కకు అంటుకుంటది.”

“ఏం కాదులేమ్మా.”

“నేను గూడ గట్లనే అనుకున్న ఒకనాడు. మా ఇంటి కొబ్బరిచెట్టుకు నేనే మోసుకపోయిన.”

సత్తుపల్లి దాకా ఆమె కూర్చోలేదు. ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ, నిలబడే కునికింది. మొక్క పట్టుకుని నేనే ముందుకెళ్లి నిలబడొచ్చని అప్పుడు తట్టలేదు. దిగేటప్పుడు కూడా కొంగు ఒంటికి దగ్గరగా పట్టుకుంది.

ఇంటికొచ్చి మొక్క నాటబోతూ ఆకు తిప్పి చూశాను. అడుగున తెల్లదోమ పెట్టిన గుడ్ల తెల్లటి చుట్లు, వాటి మీద పిండి చల్లినట్టు పొడి. ఒక్క పూటలో వచ్చేవి కావవి. నేను కొనేటప్పటికే ఉన్నాయి.

మొక్కను కాల్చేశాను. చొక్కా మార్చుకున్నాకే మా కొబ్బరిచెట్టు దగ్గరికి వెళ్లాను.