నోటితో చేసిన బండి చప్పుడు

మొన్నీమధ్య సిరొంచలోని మా మరమ్మతు షెడ్డుకు ఒకాయన మోటారుసైకిలు తోసుకుంటూ వచ్చాడు. ఎలాంటి చప్పుడు వస్తోందో ఒకసారి నోటితో చేసి చూపించమన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, జేబులోంచి ఫోను తీసి, దారిలో పట్టుకున్న చప్పుడు వినిపించాడు. అందులో గాలి హోరు తప్ప నాకేమీ వినబడలేదు. మా తరం వాళ్లకైతే ఈ మాట విప్పి చెప్పనక్కర్లేదు, మా మేనమామ బతికున్న రోజుల్లో ఆ షెడ్డులో నోటితో చప్పుడు చేయనిదే ఎవరి బండికీ పానా తగిలేది కాదు.

ఎంతటివాడు వచ్చినా అదే పద్ధతి. వరి నాట్ల మధ్య పరుగెత్తుకొచ్చిన రైతు కటకట అనేవాడు, అడవి ఊళ్ల నుంచి వచ్చిన గోండు పెద్దమనిషి నాలుక మడిచి అచ్చం ఇంజను లాగే పలికించేవాడు, కచేరీలో పనిచేసే మరాఠీ గుమాస్తా మాత్రం అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, మీసాల చాటున సన్నగా కూసేవాడు. మామ కళ్లు మూసుకుని వినేవాడు. ఆ తర్వాతే, క్లచ్చి వత్తితే చప్పుడు పోతాందా, ఉంటాందా అని అడిగేవాడు. వత్తితే పోయే చప్పుడు ఒక జబ్బు, వత్తినప్పుడే పుట్టే చప్పుడు మరో జబ్బు. ఆ రెండు ముక్కలూ వంటబట్టగానే, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నాకు విద్యంతా వచ్చేసినట్టు అనిపించింది, వయసు అలాంటిది.

మా అక్కకు నర్సు ఉద్యోగం వచ్చింది ఆ రోజుల్లోనే. ఆర్డరు టపాలో ఎక్కడెక్కడ తిరిగిందో గాని, అంకిసలోని మా ఇంటికి చేరేసరికి గడువు ముంచుకొచ్చింది. మర్నాడు కచేరీ మూసేలోగా గడ్చిరోలిలో హాజరు కాకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి వాళ్లకు పోతుంది. తెల్లవారి సిరొంచకు వచ్చి చూస్తే, వెళ్లవలసిన బస్సు చెడిపోయి డిపోలోనే ఉండిపోయిందన్నారు. అక్క ముఖం చూడలేకపోయాను. మేము సిరొంచ దాకా వచ్చింది మా చిన్నాయిన దగ్గర అడిగి తెచ్చుకున్న మోటారుసైకిలు మీదే. మామ లేచి షెడ్డు తెరిచేదాకా ఆగే ఓపిక కూడా లేక, అదే బండి మీద అక్కను వెనక కూర్చోబెట్టుకుని అడవి దారి పట్టాను.

ఊళ్లు పలచబడి చెట్లు దగ్గరయ్యాక మొదలైంది ఆ చప్పుడు. ముందు ఈగ ముసిరినట్టు ఉండి, పోనుపోను గొంతు పెంచి, ఎత్తు ఎక్కేటప్పుడు గుర్రుమని మూలగసాగింది. క్లచ్చి వత్తాను, మాయమైంది. వదిలాను, మళ్లీ వచ్చింది. ఇంకేం, క్లచ్చి వత్తితే పోతోంది కాబట్టి జబ్బు క్లచ్చిదేనని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. క్లచ్చి విప్పితే పూట పోతుంది, విప్పకపోతే ఏ మలుపులోనో గేర్లు పట్టేసి వెనక చక్రం బిగుసుకుపోతే అక్క ఎగిరి రోడ్డు మీద పడుతుంది. ఆ దారిలో ఎదురుపడే మనిషి ఉండడు, ఆగితే నీడ తప్ప దిక్కు ఉండదు. అక్క నా భుజాన్ని గట్టిగా పట్టుకుని కూర్చుంది, ఆ పట్టులోనే ఆమె భయమంతా నాకు తెలుస్తోంది.

నడిపించీ ఆపీ, ఎలాగో నాగేపల్లి చేరాం. అప్పటికే పొద్దు నడినెత్తికి వచ్చింది. అక్కడి ఎస్టీడీ బూత్‌లోంచి మా షెడ్డు పక్కన కిరాణా కొట్టుకు ఫోను కలిపితే, కొట్టాయన కేకేసి మామను పిలిచాడు. క్లచ్చి పోయింది మామా అన్నాను. ఆయన నా తీర్పు అడగలేదు, చప్పుడు చెయ్యమన్నాడు. బూత్‌లో వరుస కట్టిన జనమంతా నన్నే చూస్తుంటే, ఏదో గొణిగాను. మామకు కోపం వచ్చింది. అది బండా, పిల్లికూనా అన్నాడు. అప్పుడు మా అక్క, నలుగురిలో గట్టిగా నవ్వడానికి కూడా మొహమాటపడే మనిషి, నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"నీకు ముంగట గాలే వినవడతది. ఎనక కూసున్నదాన్ని, పాదాలల్లకెల్లి ఒణుకొచ్చింది నాకు" అని, కళ్లు మూసుకుని, ఆ మూలుగును మొదటినుంచి ఎత్తు ఎక్కేదాకా, ఎక్సిలేటరు వదిలితే ఎలా దిగజారిందో అది కూడా కలిపి పలికించింది. బూత్‌లో ఒక్కరూ నవ్వలేదు.

గరగరమనే ఆ లైనులోంచి మామ అడిగిన మాట వినడానికి ఇద్దరం ఫోనుకు చెవులు ఆనించాం. "నిన్న బండి ఏరు దాటిందా?"

దాటింది. చిన్నాయిన విత్తనాల కోసం ఆవలి ఒడ్డుకు పోయి పడవలో తిరిగి వచ్చాడు.

"పడవల నిలవెట్టిండా, పండవెట్టిండా?"

మా ఏటి ఒడ్డు వాళ్లకు తప్ప ఆ ప్రశ్న ఇంకెవరికీ తట్టదు. నాటు పడవలో బండిని నిలబెడితే నడి ఏట్లో పడవ ఒరుగుతుందని, సంచుల మీద పక్కకు పడుకోబెట్టి తాడు కట్టేవాళ్లం. అలా పడుకున్నంతసేపూ గేరుబాక్సులోని నూనె గాలి రంధ్రంలోంచి చుక్కచుక్కగా కారిపోతుంది. సంచులు తాగేస్తాయి కాబట్టి ఎవరికీ తెలియదు. చిన్నాయిన కూడా పడుకోబెట్టే తెచ్చాడని చెప్పాను.

"క్లచ్చి గాదురా, నూనె లేక గేర్లు ఏడుస్తున్నయ్. మూత విప్పకు. జర సల్లారనియ్యి, వెనక చక్రం చేత్తోని తిప్పి చూడు, పట్టుకోకుంటే నూనె వోసుకొని పో. ఉరికియ్యకు."

బండి చల్లారాక వెనక చక్రం చేత్తో తిప్పాను. ఎక్కడా పట్టుకోలేదు. నూనె మట్టం చూసే స్క్రూ విప్పితే ఒక్క చుక్క రాలలేదు. ఆ ఊళ్లోనే కొన్న నూనె పోసి బయలుదేరాక ఆ మూలుగు సన్నగిల్లిందే గాని పూర్తిగా పోలేదు. గడ్చిరోలి దాకా నేను దారిని చూసింది తక్కువ, చప్పుడు విన్నది ఎక్కువ. కచేరీలో గుమాస్తాలు కాగితాలు సర్దుకుంటుండగా అక్క మెట్లెక్కి లోపలికి పరుగెత్తింది. నేను బండిని పట్టుకుని బయటే నిలబడ్డాను.

హాజరు పడింది. బయటికి వచ్చి అక్క మళ్లీ ఆ కిరాణా కొట్టుకే ఫోను చేసింది. మామే ఎత్తాడు. చేరిన్న మామా అని అక్క చెప్పింది. మామ మెల్లగా, "అన్నం తిన్నవా బిడ్డా" అన్నాడు. మధ్యాహ్నం మేము ఫోను చేసినప్పటినుంచీ మామ ఆ కొట్టు ముందు గోనెసంచి మీదే కూర్చున్నాడని, షెడ్డు మూసేసి, అత్త పిలవనంపినా తిండికి కదలలేదని కొట్టాయన చెప్పాక గాని మాకు తెలియలేదు.

ఇప్పుడు నదుల మీద వంతెనలు వచ్చాయి, బండిని పడుకోబెట్టి దాటవలసిన అవసరం ఎవరికీ లేదు. మా ఇంటి పిల్లలు ఎక్కడికి వెళ్లినా, అడుగు లోపల పెట్టకముందే చేరామన్న కబురు మా ఫోనులో మోగుతుంది. మంచిదే, ఆ రోజు పడ్డ దడ పగవాడికి కూడా వద్దు. కాని ఆ కబురు చూసుకుని ఫోను పక్కన పెట్టి మేము హాయిగా భోంచేస్తాం, మా మామ పోయాక మా కోసం ఆకలితో కూర్చున్న మనిషి మాత్రం మళ్లీ మాకు దొరకలేదు.