గద్వాల చీరకు రకం రాయబోయిన రోజు

కొత్తగా పైథాన్‌లో ప్రోగ్రాములు రాయడం వంటబట్టిన ఆ రోజుల్లో, లోకంలో ప్రతి వస్తువుకూ ఒక తల్లి క్లాసు, అంటే ఒక మూస, దాని కింద పిల్ల క్లాసులు ఉంటాయని గట్టిగా నమ్మేవాణ్ణి. హైదరాబాదులో ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. గద్వాలలో ఒక చేనేత సంఘానికి చీరల వివరాలు ఎక్కించే ప్రోగ్రాం కావాలంటే, "నీ ఊరే కదా" అని మేనేజరు నన్ను పంపాడు. ఇది కుదిరితేనే ఉద్యోగం ఖాయం. 'చీర' అని తల్లి క్లాసు రాసి, 'నూలుచీర', 'పట్టుచీర' అని ఇద్దరు పిల్లల్ని పుట్టించాను. డేటాబేసులో అందరికీ ఒకటే టేబుల్. అందులో 'రకం' అన్న గడి చూసి, ఏ వరుస ఏ బిడ్డదో ప్రోగ్రామే గుర్తుపడుతుంది. (ఈ గొప్పంతా బస్సులో పక్కాయనకు పెబ్బేరు దాకా చెప్పాను. ఆయన కొత్తకోటలోనే నిద్రపోయాడు.)

సాయంత్రం వ్యానులో చీరలు హైదరాబాదు ఎగ్జిబిషనుకు పోవాలి. వాటికి తగిలించే చీటీలు నా ప్రోగ్రామే అచ్చు వేయాలి. మొదటి చీర తెచ్చిన ముసలి నేతగాడు చీటీ చూసి కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"ఏంది బిడ్డా, నూలుచీర అని పడ్డది? గిట్లైతే ఆడ అగ్గువ ధర చీరల కుప్పల ఏస్తరు."

"ఒళ్ళు నూలే కదా తాతా."

"అంచు, కొంగు పట్టు గాదా?"

పట్టు అని మార్చాను. "ఇప్పుడు కొన్నోళ్ళు నన్ను దొంగంటరు," అన్నాడాయన. చీరను నూలుచీర, పట్టుచీర అనే ఇద్దరు తల్లులకు ఒకే బిడ్డగా రాసి చూశాను. మధ్యాహ్నం దాకా ప్రోగ్రాం తప్పుల మీద తప్పులు చూపించింది. తాత పక్కనే కూర్చుని నిదానంగా అన్నాడు, "ఒళ్ళు, అంచు యేరే యేరే పోగులు. మగ్గం మీదనే జోడిస్తం. నువ్వు చీరకెందుకు రకం పెడ్తున్నవ్? పోగుకు పెట్టు."

పెట్టాను. 'భాగం' తల్లి అయింది, నూలుభాగం, పట్టుభాగం పిల్లలయ్యాయి. చీర తన భాగాలను తన దగ్గర పెట్టుకుంది, అంతే. ఒళ్ళు నూలు, అంచు పట్టు, కొంగు పట్టు అని చీటీ పడింది. వ్యాను కదిలే వేళకు పని ముగిసింది. మా అమ్మ ప్రతి పెళ్ళికీ కట్టేది అలాంటి గద్వాల చీరే. ఇంట్లో అన్నేళ్ళు చూసీ నాకు తట్టలేదు.

"ఈ ఐడియా ఎలా వచ్చింది?" అని మేనేజరు అడిగితే, "బాగా ఆలోచించాను సార్," అన్నాను. ఉద్యోగం ఖాయమైంది. అప్పటి నాలోని ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది. తాత పేరైనా అడగలేదు. చీరలో ప్రతి పోగుకూ గడి పెట్టినవాణ్ణి, నేసిన మనిషికి ఒక్క గడి పెట్టలేదు.